పాయింటు తర్వాత అంకె

"పుస్తకం ఇక్కడుండగా నీ నోటి మాట ఎవడికి కావాలే?" అని అన్న అరిచేసరికి చెల్లెలు చేతిలో ఉన్న గ్లాసును బల్ల మీద ఠంగుమని పెట్టింది. నిమ్మరసం ఒలికి పుస్తకం అంచు దాకా పాకింది. ఇద్దరూ వాదన ఆపేసి, చెరో పక్క పట్టుకుని పుస్తకాన్ని పైకెత్తారు. అది తడవకూడదన్న ఒక్క విషయంలో మాత్రం ఆ ఇంట్లో రెండో మాట లేదు.

అన్న భార్య, ఆ ఇంటి కోడలు, గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. ఆ పోట్లాటంతా ఆమె గురించే. ఆమె ఎక్కడ బతకాలి అన్నది తేల్చే పుస్తకం అది. అయినా బల్ల తుడిచే పని మాత్రం ఆమెకే పడింది.

"నోటి మాట కాదన్నయ్యా, ఒంటి మాట," అంది చెల్లెలు. "మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నది నేను. నువ్వూ కాదు, నీ పుస్తకమూ కాదు."

"నా పుస్తకం కాదు. నాన్న పుస్తకం."

ఆమె పుస్తకం అంచును చేత్తో తుడిచి బల్ల మధ్యకి జరిపింది.

నాలుగు గంటలకల్లా అన్న తన మేనేజరుకు ఫోన్ చేసి ఏ ఊరో చెప్పాలి. మందుల కంపెనీ ఈ ఊళ్ళో గోడౌన్ ఎత్తేస్తోంది. సూపర్‌వైజరుగా ఉన్న అతని ముందు రెండు ఊళ్ళు పెట్టింది. ఒకటి సముద్రం ఒడ్డున ఉంది. రెండోది లోపలెక్కడో, రాళ్ళ మధ్య ఉన్న మెట్ట ఊరు, చెల్లెలు ఉండేది అక్కడే. ఏదీ చెప్పకపోతే ఇంట్లో కూర్చోవచ్చు.

వేరే ఎవరైనా అయితే అద్దె ఎంత, బడి ఎంత దూరం అని చూసుకుని ఓ ఊరి పేరు చెప్పేసేవాళ్ళు. కానీ ఇరవై రోజుల క్రితం కోడలు బేకరీలో పనిచేస్తూ పడిపోయింది. అది రెండోసారి. డాక్టరు కళ్ళజోడు తీసి మరీ చెప్పాడు. "వడదెబ్బ తిన్న ఒళ్ళు. ఇక తొందరగా లొంగిపోతుంది. ఇంకోసారి పడితే నా దాకా తీసుకురాగలరో లేదో చెప్పలేను. చెమట ఆరే చోట ఉంచండి."

చెమట ఆరే చోటు ఏ ఊళ్ళో ఉందో చీటీ మీద రాయలేదు. అదడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

అదుగో, అప్పుడు రంగంలోకి దిగారు మామగారు. ముప్పై నాలుగేళ్ళు వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ ఆయన్ని పాదరసం గారు అనేవాళ్ళట. పత్రికల్లో పెద్ద ఊళ్ళ ఎండలే వేస్తారు, ఈ చిన్న ఊళ్ళ సంగతి ఎవడికి పట్టింది, నేనే వెళ్ళి చూసొస్తానన్నారు. తన సొంత థర్మామీటర్ల పెట్టె చంకన పెట్టుకుని సముద్రపు ఊళ్ళో ఓ లాడ్జిలో వారం, మెట్ట ఊళ్ళో కూతురింట్లో వారం ఉన్నారు. రోజూ రెండు పూటలా ఆ పుస్తకంలో రాసుకుని, మొన్న కూతురితో కలిసి తిరిగొచ్చారు.

"చూడు," అన్నాడు కొడుకు, పేజీ తిప్పి. "మీ ఊరు. సాయంత్రం అయిదున్నర. పొడి థర్మామీటరు ముప్పై ఎనిమిది పాయింటు నాలుగు. తడి థర్మామీటరు ఇరవై రెండు పాయింటు ఆరు. రెండింటికీ ఎంత తేడా ఉందో చూడు. అంటే గాలి పొడిగా ఉంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరుతుంది. ఇక సముద్రపు ఊరు. ముప్పై నాలుగు పాయింటు రెండు, ముప్పై పాయింటు ఎనిమిది. తేడానే లేదు. చెమట ఆరమన్నా ఆరదు. డాక్టరు ఏం చెప్పాడు?"

"మా ఊళ్ళో ముప్పై ఎనిమిదా!" చెల్లెలు నవ్వింది. నవ్వులో వెటకారమే తప్ప నవ్వు లేదు. "రేకుల గదిలో నా కుట్టు మిషను చక్రం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది."

"రేకుల కింద కూర్చుని ఊరంతా కాలిపోతోందంటే ఎలా?"

"చెట్టు కింద కూర్చున్నా అంతే."

"అయితే మీ వదినని సముద్రపు ఊరికి తీసుకెళ్ళమంటావా? అక్కడ ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదట. కట్టుకున్న బట్ట సంగతి సరే సరి."

"నేనలా అనలేదు."

"అయితే మీ ఊరికి రమ్మంటావు."

"అలా కూడా అనలేదు."

"మరేమంటున్నావే?"

"ఏమో! ముప్పై ఎనిమిది కాదంటున్నాను. అంతే."

అతను తల పట్టుకున్నాడు. పుస్తకం తప్పంటుంది, ఒప్పేమిటో చెప్పదు. ఇలాంటి మనిషితో ఎంతసేపు వాదించినా గోడకు చెప్పుకున్నట్టే ఉంటుంది.

చెల్లెలు గొంతు తగ్గించింది. "పోయిన వారం మా పక్కింటి తాపీ మేస్త్రీ పడిపోయాడన్నయ్యా. చొక్కా పొడిగా ఉంది. చెమటే పట్టలేదు కదా, ఎండ దెబ్బ ఎలా అవుతుందని అందరూ అరగంట సేపు చుట్టూ నిలబడి మాట్లాడుకున్నారు. పట్టిందట. పట్టింది పట్టినట్టే గాలి పీల్చేసిందట. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. తన ఒంట్లో నీళ్ళు అయిపోతున్నాయని ఆయనకే తెలియలేదు."

"బతికాడా?" అని అడిగింది కోడలు. ఆ మధ్యాహ్నం ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"బతికాడు వదినా. మాట ఇంకా తడబడుతోంది."

ఫ్యాను తిరుగుతోంది, వేడి గాలినే అటూ ఇటూ తోస్తోంది.

చెమట ఆరే చోట ఉంచండి అన్నాడు డాక్టరు. చెమట ఆరిపోవడం వల్లే మేస్త్రీ పడ్డాడంటోంది ఆడపడుచు. ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్ళు కారు. కోడలికి బుర్ర తిరిగిపోయింది.

పోనీ తన ఒళ్ళు ఏమంటుందో అడుగుదామంటే అదీ తిన్నగా చెప్పడం లేదు. మొదటిసారి పడింది పిండి పొంగబెట్టే గదిలో. ఆ గదంతా ఆవిరి. గోడలకు కూడా చెమట పట్టినట్టుంటుంది. అప్పుడు నాకు ఉక్క పడదు కాబోలు అనుకుంది. రెండోసారి పడింది ఓవెన్ ముందు. అక్కడ గాలిలో చుక్క తడి ఉండదు, కనురెప్పలు కూడా ఎండిపోతాయి. ఉక్క గదిలోనూ పడింది, పొడి గదిలోనూ పడింది. ఇక దేన్ని నమ్ముకుని ఏ ఊరనాలి?

బల్ల తుడిచిన గుడ్డ అక్కడే పడేసి, మామగారి థర్మామీటర్ల పెట్టె తీసుకుని వెనక వరండాలోకి నడిచింది.

ఆమె ఆలోచన చిన్నది. ముప్పై ఎనిమిది, ఇరవై రెండు అంటూ అంకెలు వినిపిస్తున్నారే గానీ ఏ అంకె దగ్గర ఒంటికి ఎలా ఉంటుందో తనకు తెలియదు. ఇక్కడ, ఇప్పుడు ఎంతుందో తెలిస్తే దాన్ని బట్టి ఊహించుకోవచ్చు. రెండు థర్మామీటర్లనూ వరుసగా మేకులకు తగిలించింది. ఒకదాని గుండు బోడిగా ఉంటుంది. రెండోదాని గుండుకు గుడ్డ ఒత్తి చుట్టి, దాని కొస కింద ఉన్న చిన్న గిన్నెలోకి వదిలి ఉంటుంది. మామగారు వాటిని ఎలా అమరుస్తారో తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉంది. కాసేపు ఆగాలని కూడా తెలుసు. ఆగింది. తర్వాత పిలిచింది.

"మావయ్యా, ఒక్కసారి రీడింగు చూసి పెడతారా?"

ఆయన పక్క గదిలోంచి గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ వచ్చారు. థర్మామీటర్ల ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కొంచెం ముందుకు వంగారు. ముప్పై నాలుగేళ్ళు అలాగే వంగారేమో, ఆ వంగడంలోనే ఓ దర్జా ఉంది.

"పొడి ముప్పై ఆరు పాయింటు రెండు. తడి ఇరవై తొమ్మిది పాయింటు నాలుగు. రాసుకో అమ్మా."

ఆమె క్యాలెండరు వెనక రాసుకుంది. ఆయన పక్కనే ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

ఇరవై తొమ్మిది పాయింటు నాలుగు అంటే పాదరసం ఎక్కడిదాకా నిలుస్తుందో చూద్దామని ఆమె దగ్గరగా వెళ్ళింది. గిన్నె ఖాళీగా ఉంది.

నీళ్ళు పొయ్యడం మరిచిపోయింది.

గుడ్డ ఒత్తి ఎండి గట్టిపడి ఉంది. చల్లబరిచే తడి లేదు గనక రెండు గాజు గొట్టాల్లోనూ పాదరసం ఒకే గీత దగ్గర నిలబడి ఉంది. ఆమె కళ్ళు నులుముకుంది. రెండూ ముప్పై తొమ్మిదే. తానే సరిగా చూడడం లేదనుకుని గీతలు వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ ముప్పై తొమ్మిదే.

"మావయ్యా, తడి ఎంతన్నారు?"

"ఇరవై తొమ్మిది పాయింటు నాలుగు."

"గిన్నెలో నీళ్ళు పొయ్యలేదండీ నేను."

ఆయన చెయ్యి చాపి గిన్నెను వేళ్ళతో తడిమి చూశారు. లోపల అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. కూలర్లు పొడి ఊళ్ళోనే పనిచేస్తాయని ఒకరు, కూలర్లోకి నీళ్ళు ఎవరు మోస్తారని ఇంకొకరు.

"ఎన్నాళ్ళయింది మావయ్యా?"

ఏమిటని ఆయన అడగలేదు. "చలికాలం నుంచి. ముందు గీతలు అలుక్కుపోయాయి. తర్వాత అంకెలు."

"రోజూ పేపరు చదివి పెట్టమంటుంటే బద్ధకమనుకున్నాను."

"అనుకోవాలనే అలా అడిగాను."

"మరి పుస్తకంలో రాసినవి?"

"ఒంటితో చూసి, చేతి అలవాటు మీద రాశాను." ఆయన గొంతులో కొంచెం పౌరుషం కూడా ఉంది. "రోజూ పొద్దున తలుపు తియ్యగానే మొహానికి తగిలిన గాలిని బట్టి ఇంత ఉంటుందని మనసులో అనుకునేవాణ్ణి. ఆ తర్వాతే పాదరసం చూసేవాణ్ణి. అర డిగ్రీ కూడా తేడా వచ్చేది కాదమ్మా. కేంద్రంలో నా మీద పందేలు కాసేవాళ్ళు." కాసేపు ఆగారు. "ఇప్పుడు పొడిది ఎంతుంది?"

చెప్పాలా వద్దా అని ఆమె నీళ్ళు నమిలింది.

"చెప్పు."

"ముప్పై తొమ్మిది."

"దాదాపు మూడు డిగ్రీలు," అన్నారాయన. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయారు. ముంజేతి చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలారు. "ముసలి తోలు. దీనికి ఎండ తెలియడం మానేసిందన్నమాట."

ఆమెకు జాలేసింది. ఆ జాలి వెనకే కోపం వచ్చింది. ఇది తన ప్రాణం గురించిన లెక్క. ఇంకో గంటలో దీన్ని నమ్మే ఊరు తేల్చెయ్యబోతున్నారు.

"పాయింటు తర్వాత అంకె ఎందుకు వేశారు మావయ్యా?" అంది. "ఉత్త ముప్పై ఎనిమిది అని రాసుంటే ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. పాయింటు నాలుగు, పాయింటు ఆరు అని చూసి మీ అబ్బాయి దేవుడి మాటలా పట్టుకున్నారు."

"అది లేకపోతే చూసి రాసినట్టుండదమ్మా."

"చూడలేదు కదా!"

ఆయన తల దించుకున్నారు. "నువ్వు పడిపోయినప్పుడు ఇంట్లో అందరూ ఏదో ఒకటి చేశారు. వాడు ఆసుపత్రికి పరిగెత్తాడు. అమ్మాయి ఊరి నుంచి వచ్చి వారం వండిపెట్టింది. నేను ఈ కుర్చీలో కూర్చున్నాను. నాకు చేతనైన పని ఇదొక్కటే. అది కూడా చేతకాదని ఎలా చెప్పను?"

కోపం ఎటు పోయిందో తెలియలేదు, పోయిందో లేదో కూడా తెలియలేదు.

"మూడు డిగ్రీలు కలుపుకుంటే సరిపోతుందా, మావయ్యా? అన్నిటికీ?"

"అలా కలపకూడదు. ఇక్కడ మూడు తప్పాను. అక్కడ ఎంత తప్పానో ఎవరు చూశారు? తడి లెక్క సంగతి అసలు చెప్పలేను."

"అయితే ఏ ఊరంటారు?"

"నాకు తెలియదమ్మా."

కాపరానికొచ్చిన తొమ్మిదేళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. గొడుగు తీసుకెళ్ళాలా అని ఎవరడిగినా ఆకాశం వైపు కూడా చూడకుండా చెప్పేవారు. ఆమెకు భయమేసింది. ఓవెన్ ముందు కళ్ళు చీకట్లు కమ్మినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

"వాడికి చెప్పకు," అన్నారాయన. మళ్ళీ తనే, "చెప్పక తప్పదంటే రేపు చెప్పు," అన్నారు.

రేపు చెబితే లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

"ఏమోయ్!" లోపలి నుంచి భర్త పిలిచాడు. "ఇలా రా. టైమవుతోంది."

ఆమె వెళ్ళేసరికి అతను రిసీవరు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆడపడుచు సోఫా చివర మూతి ముడుచుకుని ఉంది. వాదనలో ఎవరు గెలిచారో చూస్తేనే తెలుస్తోంది.

"పొడి ఊరే చెప్పేస్తున్నాను," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, తల ఎత్తి చూశాడు. "నువ్వేమంటావు?"

ఇరవై రోజులుగా ఈ మాట అడుగుతాడేమోనని ఎదురుచూసింది. తీరా అడిగితే ఆమె వెనక వరండా వైపు చూసింది.

"వదినా, మొహం అలా ఉందేంటి?" అంది ఆడపడుచు. "తల తిరుగుతోందా? కూర్చో."

వెనక అడుగుల చప్పుడైంది. మామగారు వచ్చి గది మధ్యలో నిలబడ్డారు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన ఎటు చూస్తున్నారో, అసలేమైనా కనపడుతోందో లేదో ఆమెకు అర్థం కాలేదు.

నిజం చెబితే ఆ ఇంట్లో ఆయనకు మిగిలిన ఒక్క గౌరవమూ నలుగురి ముందు నేల మీద పడుతుంది. చెప్పకపోతే, ఎవరూ కొలవని ఊరికి తను బతకడానికి వెళుతుంది. ఒకవేళ ఆ ఊరే మంచిదేమో. కాదేమో. చెప్పాలి. కానీ ఇప్పుడా? ఇలాగా?

"మావయ్య పుస్తకంలో ఉన్నట్టే కానివ్వండి," అంది.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. జాలి కావచ్చు, అలసట కావచ్చు.

"చూశావా!" అన్నాడు అతను చెల్లెలితో. నంబరు తిప్పాడు. అవతల వెంటనే ఎత్తారు. "నమస్కారం సార్, నేనే. ఆ, తేల్చుకున్నాం సార్. మా నాన్నగారు స్వయంగా రీడింగులు తీశారు, అందుకని..."

"ఒరేయ్," అన్నారు పెద్దాయన. "గడియారంలో ఎంతయింది?"

కొడుకు రిసీవరును అరచేత్తో మూశాడు. "ఎదురుగానే ఉంది కదా నాన్నా. ఒక్క నిమిషం ఆగు."

"ఎదురుగా ఉందని తెలుసు. ముల్లు కనపడడం లేదు."

ఆడపడుచు లేచి నిలబడింది.

"చలికాలం నుంచీ కనపడడం లేదు," అన్నారాయన. ఒక్కో మాటా విడదీసి, రాసుకోమని చెబుతున్నట్టు పలికారు. "అందులో ఉన్నవేవీ నేను చూసి రాసినవి కావు. ఆ పుస్తకం మూసెయ్యి."

కొడుకు తండ్రి వైపు, పుస్తకం వైపు, భార్య వైపు చూశాడు. "నీకు తెలుసా?" అన్నాడు ఆమెతో.

"ఇందాకే తెలిసింది."

"తెలిసే కానివ్వండి అన్నావా? నీకేమైనా పిచ్చా?"

అరచేతి కిందనుంచి మేనేజరు గొంతు సన్నగా వినపడుతోంది. "హలో... లైన్లో ఉన్నారా? ఏ ఊరు రాసుకోమంటారు?"

అతను కదల్లేదు. ఆడపడుచు వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

కోడలు ముందుకొచ్చి భర్త చేతిలోంచి రిసీవరు తీసుకుంది. అంతవరకూ మేనేజరుతో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"నేను ఆయన భార్యనండీ. ఆ రెండు ఊళ్ళూ నేను చూడలేదు. ఉండాల్సింది నేను. వెళ్ళి నాలుగు రోజులుండి, నా ఒంటికి ఎలా ఉంటుందో చూసుకుని చెబుతాను."

"వద్దు వదినా," అంది ఆడపడుచు. "ఎవరైనా చూడొచ్చు గానీ నువ్వు కాదు. ఇంకోసారి పడితే?"

"పడితే తెలుస్తుంది కదా," అంది ఆమె. ఆ మాటకు తనే అదిరిపడింది.

అవతల కాగితాల చప్పుడైంది. "సోమవారం పొద్దుటి దాకా ఆగగలనమ్మా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఆమె రిసీవరు పెట్టేసింది. ఆ రోజు గురువారం. రానూ పోనూ ప్రయాణం తీసేస్తే చేతిలో ఉన్నవి రెండు రోజులు. ఒక్క ఊరే చూడగలదు.

"ఏ ఊరికి వెళతావమ్మా?" అని అడిగారు మామగారు.

ముగ్గురూ ఆమె మొహంలోకి చూస్తున్నారు. "నాకూ తెలియదు మావయ్యా," అని ఆమె వరండాలోకి వెళ్ళి, ఈసారి మరిచిపోకుండా గిన్నెలో నీళ్ళు పోసింది.